పదో హర్డిల్ తర్వాత



జహీరాబాద్‌లో హైదరాబాద్ బస్సెక్కితే సదాశివపేట రాకముందే బుధేర చౌరస్తా తగులుతుంది. ముంబై హైవే మీద లారీల రద్దీలో చాలామంది ఆ ఊరి పేరు కూడా గమనించరు. సంగారెడ్డి పేరుతో నడిచే సాంఘిక సంక్షేమ గురుకుల మహిళా డిగ్రీ కళాశాల ఉన్నది అక్కడే. ఆ కాలేజీలో బీబీఏ చదువుతున్న ఒక అమ్మాయి 2023 అక్టోబర్ 1న చైనాలోని హాంగ్‌జౌలో ఆసియా క్రీడల కాంస్య పతకం గెలిచింది. పేరు అగసర నందిని. అప్పటికి ఆమెకు 20 ఏళ్ళు. గెలిచింది హెప్టాథ్లాన్‌లో, అంటే రెండు రోజుల్లో ఏడు పోటీలు ఒక్క మనిషే ఆడాల్సిన ఆటలో.

నందిని మొదట పట్టిన ఆట అది కాదు. ఆమె 100 మీటర్ల హర్డిల్స్ పరిగెత్తేది. 2021 ఆగస్టులో నైరోబీలో అండర్-20 ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలు జరిగితే, మన దేశం తరఫున హర్డిల్స్‌లో దిగి సెమీఫైనల్ దాకా వెళ్ళింది. తండ్రి చాయ్ అమ్మి సంసారం నడిపిన ఇల్లు వాళ్ళది. అలాంటి ఇంట్లో పుట్టి, గురుకుల హాస్టల్లో పెరిగిన పిల్ల ప్రపంచ పోటీల్లో సెమీఫైనల్ ఆడడమే పెద్ద సంగతి. రెండేళ్ళు తిరిగేసరికి అదే అమ్మాయి ఆట మార్చుకుని ఆసియాలో మూడో స్థానంలో నిలబడింది. ఈ మార్పు ఎలా సాధ్యమైందో ఇవాళ మీతో మాట్లాడాలనుకుంటున్నాను. ఆటల్లో ఉన్న ఆడపిల్ల ఒక దారి వదిలి ఇంకో దారి ఎప్పుడు పట్టాలి, గాయమైనప్పుడు ఆమెను ఎవరు కాసుకోవాలి అన్నది మన ప్రాంతపు తల్లిదండ్రులకూ, బడుల్లో పీఈటీ సార్లకూ, మేడమ్‌లకూ తెలియాల్సిన సంగతి అని నేను గట్టిగా నమ్ముతాను.

ముందు హర్డిల్స్ పరుగు గురించి రెండు మాటలు. 100 మీటర్లలో 10 హర్డిల్స్ ఉంటాయి. ఆడవాళ్ళ పోటీలో ఒక్కొక్కదాని ఎత్తు 83.8 సెంటీమీటర్లు, అంటే రెండు అడుగుల తొమ్మిది అంగుళాలు. బయల్దేరే గీత నుంచి 13 మీటర్ల దూరాన మొదటిది ఉంటుంది. అక్కణ్ణుంచి ఎనిమిదిన్నర మీటర్లకొకటి చొప్పున పెడతారు. పదోది దాటాక ఇంకో పదిన్నర మీటర్లు పరిగెత్తితే గీత వస్తుంది. టీవీలో చూసేవాళ్ళకు ఆ అమ్మాయిలు ఎగిరి దూకుతున్నట్టు కనిపిస్తుంది కానీ, కోచ్ మొట్టమొదట మాన్పించేది ఆ ఎగరడాన్నే. గాల్లో ఎంతసేపు ఉంటే అంత కాలం దండుగ. ముందు కాలు చాచి హర్డిల్ మీంచి కిందికి తొక్కాలి, వెనక కాలిని పక్కకు మడిచి చంక కిందుగా తెచ్చుకోవాలి, పాదం నేలకు ఆనిన మరుక్షణం మళ్ళీ పరుగందుకోవాలి. రెండు హర్డిల్స్ నడుమ మూడే అడుగులు. నాలుగో అడుగు పడిందంటే లేవాల్సిన కాలు మారిపోతుంది, లయ మొత్తం చెదిరిపోతుంది.

హర్డిల్‌కు కాలు తగిలి అది పడిపోయినా ఫరవాలేదు. కావాలని తోసెయ్యనంతవరకు పోటీలో ఉన్నట్టే. మూడున్నర, నాలుగు కిలోల బలం తగిలితే చాలు, పడిపోయేట్టే దాన్ని తయారుచేస్తారు. అయితే తగిలిన ప్రతిసారీ వేగం కొంత తరుగుతుంది, ఒక్కోసారి పరుగే పోతుంది. 12, 13 సెకన్లలో అయిపోయే పోటీ ఇది. సర్దుకోవడానికి సమయమెక్కడ ఉంటుంది?

ఈ పరుగు ఒంటికి చాలా నేర్పుతుంది, ఒంటి నుంచి చాలా తీసుకుంటుంది కూడా. ప్రతి హర్డిల్ దాటాకా ఒంటి బరువంతా ఒక్క పాదం మీద పడుతుంది. రోజూ సాధనలో ఆ దెబ్బ ఎన్నిసార్లు పడుతుందో ఊహించుకోండి. తొడ వెనక కండరం పట్టేస్తుంది. తుంటి దగ్గర నొప్పి మొదలవుతుంది. మడమ, చీలమండ, నడుము, మోకాలు అన్నీ ఏదో ఒకనాడు ఎదురుతిరుగుతాయి. హర్డిల్స్ పరిగెత్తిన వాళ్ళలో గాయం తగలని మనిషి దాదాపు ఉండదు.

మరి నేర్పేది ఏమిటి? చివరి అడుగు ఎక్కడ పడాలో ముందే లెక్కగట్టే చూపు. అది లాంగ్‌జంప్‌లో పలక మీద కాలు వెయ్యడానికి పనికొస్తుంది. తుంటి దగ్గర సులువుగా తిరిగే కాళ్ళు హైజంప్‌లో అక్కరకొస్తాయి. పరుగులో వేగం ఎలాగూ ఉండనే ఉంటుంది, 200 మీటర్లకు అది చాలు. హెప్టాథ్లాన్‌లో మొదటి రోజు 100 మీటర్ల హర్డిల్స్, హైజంప్, షాట్‌పుట్, 200 మీటర్ల పరుగు ఉంటాయి. రెండో రోజు లాంగ్‌జంప్, జావెలిన్, ఆఖరున 800 మీటర్ల పరుగు. వరసను గమనించండి, ఏడింటిలో మొట్టమొదటిది హర్డిల్సే. మిగతా పిల్లలు భయపడుతూ మొదలుపెట్టే చోట హర్డిల్స్ అమ్మాయి తన సొంత ఇంట్లో ఉన్నట్టు మొదలుపెడుతుంది.

అప్పట్లో నందిని కోచ్ నాగపురి రమేశ్. ద్రోణాచార్య పురస్కారం అందుకున్న మనిషి. హైదరాబాద్‌లో భారత క్రీడా ప్రాధికార సంస్థ తరఫున ఎంతోమంది పిల్లల్ని తీర్చిదిద్దారు. పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన మన వరంగల్ బిడ్డ జీవంజి దీప్తి కూడా ఆయన దగ్గర తయారైన అమ్మాయే. ఆయన శిక్షణలోనే నందిని హర్డిల్స్ నుంచి హెప్టాథ్లాన్‌కు మళ్ళింది. అప్పటిదాకా పరుగే తెలిసిన పిల్ల ఇనుప గుండు విసరడం, జావెలిన్ పట్టుకోవడం నేర్చుకోవాలి. 13 సెకన్ల పరుగుకు అలవాటుపడ్డ ఊపిరితిత్తులు రెండు నిమిషాలకు పైగా సాగే 800 మీటర్లను భరించాలి. ఇవన్నీ కొత్తగా మొదలుపెట్టాల్సినవే.

ఎందుకు మారాలి అన్నదానికి జవాబు పాయింట్ల పట్టికలో దొరుకుతుంది. హెప్టాథ్లాన్‌లో ఒక్కో పోటీకి ఒక్కో సూత్రం ఉంటుంది. ఎంత సమయంలో పరిగెత్తారు, ఎంత దూరం విసిరారు అన్నదాన్ని అది పాయింట్లుగా మారుస్తుంది. 100 మీటర్ల హర్డిల్స్ 13.85 సెకన్లలో పరిగెత్తితే 1,000 పాయింట్లు. 13.50లో పరిగెత్తితే 1,050. అదే జావెలిన్‌ను 40 మీటర్లు విసిరినా 670 పాయింట్లు రావు. ఇప్పుడు ఆలోచించండి. ఆసియా క్రీడల హర్డిల్స్‌లో పతకం కావాలంటే 13 సెకన్ల దరిదాపుల్లో రావాలి. అంతకంటే అర సెకను వెనకున్న అమ్మాయికి ఆ పోటీలో చోటు లేదు. అదే పరుగుతో హెప్టాథ్లాన్‌కు వస్తే మొదటి పోటీలోనే ముందు వరసలో ఉంటుంది. ఒకచోట చాలని వేగం ఇంకోచోట పెట్టుబడి అవుతుంది. ఈ లెక్క తెలిసిన కోచ్ ఉన్నాడు కాబట్టి ఒక పిల్ల ఆట నిలబడింది. దేశం నిండా ఈ లెక్క చెప్పేవాళ్ళు లేక 19, 20 ఏళ్ళకే స్పైక్స్ బూట్లు అటక మీద పెట్టేసిన అమ్మాయిలు ఉన్నారు. వాళ్ళ గురించి తలుచుకుంటే నాకు మనసు బరువెక్కుతుంది.

హాంగ్‌జౌకు వద్దాం. హెప్టాథ్లాన్‌లో చైనా అమ్మాయి జెంగ్ నినాలి 6,149 పాయింట్లతో స్వర్ణం, ఉజ్బెకిస్తాన్‌కు చెందిన యెకతెరీనా వొరోనీనా 6,056తో రజతం గెలిచారు. నందిని పాయింట్లు 5,712. నాలుగో స్థానంలో వచ్చింది కూడా మన దేశపు అమ్మాయే, పశ్చిమ బెంగాల్ జల్పాయిగురికి చెందిన స్వప్న బర్మన్. ఆమెకు 5,708. స్వప్న సామాన్యురాలు కాదు. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో 6,026 పాయింట్లతో స్వర్ణం గెలిచి, ఈ పోటీలో మన దేశానికి మొట్టమొదటి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిన మనిషి. రెండు కాళ్ళకూ ఆరేసి వేళ్ళు, సరైన బూట్లు దొరికేవి కావు, ఆ పోటీ రోజుల్లో పంటి నొప్పికి దవడ మీద పట్టీ వేసుకుని ఆడింది. అంతటి క్రీడాకారిణికి పతకం తప్పించింది నాలుగు పాయింట్లు.

నాలుగు పాయింట్లంటే ఎంత? హర్డిల్స్‌లో సెకనులో నూరో వంతులు మూడు. లాంగ్‌జంప్‌లో రెండు సెంటీమీటర్ల లోపు. జావెలిన్‌లో జానెడు. 800 మీటర్లలో సెకనులో మూడో వంతు కూడా కాదు. రెండు రోజులు, ఏడు పోటీలు, వేల పాయింట్లు కూడాక ఇద్దరి మధ్య మిగిలిన తేడా అది. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో మొదటిసారి హెప్టాథ్లాన్ పెట్టినప్పుడు కూడా ఇంతే జరిగింది. ఆస్ట్రేలియాకు చెందిన గ్లినిస్ నన్ 6,390 పాయింట్లతో గెలిచింది, అమెరికాకు చెందిన జాకీ జాయ్నర్ 6,385తో రెండోది. ఆ రెండు రోజులూ జాకీ తొడ కండరం నొప్పితోనే ఆడింది. నాలుగేళ్ళ తర్వాత సోల్‌లో అదే జాకీ 7,291 పాయింట్లు సాధించింది. ఇప్పటికీ ఆ ప్రపంచ రికార్డును ఎవరూ అందుకోలేదు.

లాస్ ఏంజెలిస్ అనగానే మన పెద్దవాళ్ళకు పి.టి. ఉష గుర్తుకొస్తుంది. ఉష కూడా 100, 200 మీటర్ల పరుగుల నుంచి 400 మీటర్ల హర్డిల్స్‌కు మారిన మనిషే. ఆడవాళ్ళ 400 మీటర్ల హర్డిల్స్‌ను ఒలింపిక్స్‌లో అప్పుడే తొలిసారి పెట్టారు. కోచ్ ఓ.ఎం. నంబియార్ ఆ అవకాశాన్ని ముందుగా పసిగట్టారు. ఆమె 55.42 సెకన్లలో పరిగెత్తింది, సెకనులో నూరో వంతు తేడాతో కాంస్యం పోయింది. ఆ నూరో వంతు గురించే 40 ఏళ్ళుగా మాట్లాడుకుంటున్నాం. కొత్త పోటీలోకి వచ్చిన కొద్ది కాలానికే ఒక అమ్మాయి ఒలింపిక్ ఫైనల్‌లో నిలబడిందన్న సంగతి మాత్రం ఎందుకో ఎక్కువ చెప్పుకోం.

హాంగ్‌జౌలో అదే అక్టోబర్ 1 సాయంత్రం ఇంకో తెలుగమ్మాయి కూడా ట్రాక్ మీద ఉంది. విశాఖపట్నం జ్యోతి యర్రాజి. తండ్రి సెక్యూరిటీ గార్డు. ఆమె ఆట కూడా 100 మీటర్ల హర్డిల్సే, ఆమె కూడా తొలినాళ్ళలో హైదరాబాద్‌లో రమేశ్ గారి దగ్గరే సాధన చేసింది. తర్వాత భువనేశ్వర్‌లో జేమ్స్ హిల్యర్ అనే ఇంగ్లండ్ కోచ్ దగ్గరికి వెళ్ళింది. ఒకే ఆటలో మొదలైన ఇద్దరిలో ఒకరు ఆ ఆటనే అంటిపెట్టుకున్నారు, ఒకరు మారారు. ఆ సాయంత్రం ఇద్దరికీ పతకాలొచ్చాయి. జ్యోతి ఫైనల్‌లో చైనా క్రీడాకారిణి వు యానీ తుపాకి పేలకముందే కదిలింది. గందరగోళంలో జ్యోతిని కూడా తప్పుబట్టబోయారు. ఆమె నిలబడి వాదించింది. తర్వాత పరుగెత్తి మూడోదిగా వచ్చింది, వు యానీని అనర్హురాలిగా ప్రకటించాక రజతం చేతికొచ్చింది. అంత ఒత్తిడిలో పరిగెత్తిన సమయం 12.91 సెకన్లు.

జ్యోతికి కలిసిరాని రోజుల గురించి కూడా మనం చెప్పుకోవాలి. 2002 నుంచి ఈ పోటీలో జాతీయ రికార్డు ఒడిశాకు చెందిన అనురాధా బిస్వాల్‌ది, 13.38 సెకన్లు. 2020 జనవరిలో మూడబిద్రిలో జరిగిన విశ్వవిద్యాలయాల పోటీల్లో జ్యోతి 13.03లో వచ్చింది. అక్కడ డోపింగ్ పరీక్ష జరగలేదనీ, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి లేరనీ దాన్ని రికార్డుగా లెక్కలోకి తీసుకోలేదు. తర్వాత కోవిడ్, నడుము గాయం, పోటీలు లేని ఏడాది. 2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో 13.09 పరిగెత్తితే వెనక గాలి సెకనుకు 2.1 మీటర్లు వీచింది. నియమం రెండు మీటర్లు దాటకూడదంటుంది, అదీ పోయింది. నెల తిరిగేసరికి సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23 పరిగెత్తింది. 20 ఏళ్ళ రికార్డు ఆనాడు అధికారికంగా ఆమె పేరున చేరింది. అక్కణ్ణుంచి ఆ సమయాన్ని తనే మళ్ళీ మళ్ళీ తగ్గించుకుంటూ 2023 ఆగస్టులో చెంగ్డూలో 12.78కి తెచ్చింది. పారిస్ ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత కావాలంటే 12.77 రావాలి. 2024 మేలో ఫిన్లాండ్‌లో మళ్ళీ 12.78 దగ్గరే ఆగింది. చివరికి ర్యాంకింగ్ మీద పారిస్ వెళ్ళింది. ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హర్డిల్స్ పరిగెత్తిన మొదటి భారతీయ మహిళ ఆమే.

2025 మే నెలాఖరున కొరియాలోని గుమిలో ఆసియా అథ్లెటిక్స్ చాంపియన్‌షిప్ జరిగింది. జ్యోతి 12.96 సెకన్లతో హర్డిల్స్ స్వర్ణం గెలిచింది. అదే పోటీల్లో నందిని 5,941 పాయింట్లతో హెప్టాథ్లాన్ స్వర్ణం గెలిచింది. హాంగ్‌జౌ కంటే 229 పాయింట్లు ఎక్కువ. మన దేశం నుంచి సోమా బిస్వాస్, స్వప్న బర్మన్ తర్వాత ఆసియా చాంపియన్ అయిన మూడో హెప్టాథ్లాన్ క్రీడాకారిణి మన గురుకుల బిడ్డ. ఆ రోజు వార్త విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఆ సంతోషం రెండు నెలలు నిలవకముందే జ్యోతికి సాధనలో మోకాలు దెబ్బతింది. దెబ్బతిన్నది మోకాలి లోపల ముందువైపు అడ్డంగా ఉండే లిగమెంట్. తొడ ఎముకనూ కింది ఎముకనూ జారిపోకుండా పట్టి ఉంచుతుంది. తెగితే తనంత తాను సరిగా అతుక్కోదు. మనిషి ఒంట్లోంచే ఇంకో చోటి నరం లాంటి కట్టును తీసి కొత్తగా అమరుస్తారు. శస్త్రచికిత్స అయింది. ఆ సెప్టెంబర్‌లో టోక్యోలో జరిగిన ప్రపంచ పోటీలు ఆమెకు తప్పిపోయాయి. ఇలాంటి శస్త్రచికిత్స తర్వాత పరుగు పోటీకి తిరిగి రావడానికి తొమ్మిది నెలలు పట్టొచ్చు, ఏడాదీ పట్టొచ్చు. మొదట కాలు చాచడం, తర్వాత బరువు మోపడం, ఆ తర్వాత మెల్లగా నడక, అన్నీ మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలి. ఎగిరి దిగే ఆటల్లో ఈ గాయం మగపిల్లల కంటే ఆడపిల్లలకే ఎక్కువ అవుతుంది. తొడ వెనక కండరాన్ని బలపరిచే వ్యాయామాలు, దిగేటప్పుడు మోకాళ్ళు లోపలికి వాలకుండా దిగడం చిన్నప్పుడే నేర్పిస్తే చాలావరకు తప్పించవచ్చు.

గాయం అనగానే నాకు గుర్తొచ్చే ఇంకో మనిషి జె.జె. శోభ. పుట్టింది మన పక్క రాష్ట్రం కర్ణాటకలో, ధార్వాడ్ దగ్గర పశుపతిహాళ్‌లో. స్థిరపడింది సికింద్రాబాద్‌లో. 2004 మార్చిలో ఢిల్లీలో ఆమె సాధించిన 6,211 పాయింట్ల హెప్టాథ్లాన్ జాతీయ రికార్డును స్వప్న గానీ నందిని గానీ చేరుకోలేదు. ఆ ఏడాదే ఏథెన్స్ ఒలింపిక్స్. రెండో రోజు జావెలిన్ విసురుతూ చీలమండ మెలిపడి కుప్పకూలింది. మైదానం నుంచి మోసుకుపోయారు. ఇంకా 800 మీటర్లు మిగిలి ఉంది. ఆమె పని అయిపోయిందనే అందరూ అనుకున్నారు. కాలికి కట్టు కట్టించుకుని వచ్చింది, గీత దగ్గర నిలబడింది, పరుగెత్తి పోటీ పూర్తిచేసింది. మొత్తం మీద ఒలింపిక్స్‌లో 11వ స్థానం. ఆ మనిషి ఉండేది మన జహీరాబాద్‌కు వంద కిలోమీటర్లకు కాస్త అటూఇటూ. మన బడి పిల్లల్లో ఎంతమందికి ఆమె పేరు తెలుసు?

శోభను తలుచుకుని గర్వపడతాను గానీ, గాయమైన కాలితో పరిగెత్తమని ఏ పిల్లకూ నేను చెప్పను. ఒలింపిక్స్‌లో, పక్కన వైద్యులుండగా, జీవితంలో ఒక్కసారి తీసుకునే నిర్ణయం అది. మండల స్థాయి పోటీలో చీలమండ వాచిన పిల్లను ‘కొంచెం ఓర్చుకో’ అని దింపడం మాత్రం ఆ పిల్ల భవిష్యత్తును తుంచేయడమే.

ఆట మార్చుకోవడంలో అందరికంటే దూరం వెళ్ళిన హర్డిల్స్ క్రీడాకారిణి అమెరికాలో ఉంది. పేరు లోలో జోన్స్, ఊరు అయోవా రాష్ట్రంలోని డెమాయిన్. బీద కుటుంబం. 2008లో వాలెన్సియాలో, 2010లో దోహాలో 60 మీటర్ల హర్డిల్స్‌లో ఇండోర్ ప్రపంచ చాంపియన్. 2008 బీజింగ్ ఒలింపిక్ ఫైనల్‌లో ఎనిమిది హర్డిల్స్ దాటేసరికి అందరికంటే ముందుంది. తొమ్మిదోదానికి కాలు తగిలింది. ఏడో స్థానంతో గీత దాటింది. 2011లో వెన్నుపాముకు శస్త్రచికిత్స జరిగింది, మరుసటి ఏడాది లండన్ ఒలింపిక్ ఫైనల్‌లో నాలుగోదిగా వచ్చింది. పతకానికి ఒక్క మెట్టు కింద. అప్పుడామెకు 30 ఏళ్ళు. అప్పుడు మంచు ఆట పట్టింది. బాబ్‌స్లెడ్ అంటారు. బరువైన బండిని మంచు దారి మీద పరిగెత్తుతూ తోసి, వేగం అందుకోగానే లోపలికి దూకి కూర్చోవాలి. మనం ఎండలో జొన్న కోసే మనుషులం, మనకా ఆట చూసే వీలు లేదు. అయినా తోసేవాళ్ళకు కావాల్సింది ఏమిటో మనకు సులువుగానే అర్థమవుతుంది: మొదటి కొన్ని అడుగుల్లోనే ఒంట్లో ఉన్న బలమంతా బయటపెట్టగలగడం. హర్డిల్స్ పరిగెత్తేవాళ్ళు ఏళ్ళ తరబడి చేసే సాధన అదే. 2014లో సోచీ శీతాకాల ఒలింపిక్స్‌లో ఆడింది. 2021లో కైలీ హంఫ్రీస్‌తో కలిసి జర్మనీలోని ఆల్టెన్‌బెర్గ్‌లో ప్రపంచ చాంపియన్ అయ్యింది. అప్పుడామెకు 38 ఏళ్ళు. తొమ్మిదో హర్డిల్ దగ్గర పోయింది ఆ ఒక్క రోజు పతకమే. ఆ కాళ్ళలో బలం మరో 13 ఏళ్ళ పాటు ఆమెకు పనికొచ్చింది.

లోలో జోన్స్‌కు అమెరికా మద్దతు ఉంది, ఆస్పత్రులున్నాయి, జట్టు ఉంది. మన పిల్లలకు ఏముంది? ఈ ప్రశ్న అడగకుండా నందిని కథ చెప్పడం న్యాయం కాదు. ఒక పేద ఇంటి పిల్ల ఆటలో ఏళ్ళ తరబడి నిలవాలంటే ముందు మూడు పూటలా తిండి కావాలి. పోటీలకు వెళ్ళొచ్చినా చదువు ఆగిపోని కాలేజీ కావాలి. ఇంట్లో ‘ఇంకెన్నాళ్ళీ పరుగులు, పెళ్ళి చేసేద్దాం’ అనే మాట రాకుండా కాపాడే హాస్టల్ గోడ కావాలి. గురుకులాలు ఆ పని చేశాయి. 2014 మేలో 13 ఏళ్ళ మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కిందీ ఈ గురుకులాల నుంచే. పూర్ణ, నందిని అనే రెండు పేర్లు చాలు, ఆ వ్యవస్థ మీద పెట్టిన ప్రతి రూపాయీ సార్థకమని చెప్పడానికి. వాటికి ఇచ్చే నిధులు తగ్గించే మాట ఎవరు ఎత్తినా, ఏ పార్టీ వాళ్ళు ఎత్తినా, మనం అడ్డుచెప్పాలి.

ఇక మన జహీరాబాద్ సంగతి. ఈ నేల ఆడవాళ్ళకు ధైర్యం కొత్త కాదు. 2008లో మాచునూరులో పల్లె ఆడవాళ్ళే సంఘం రేడియో పెట్టి నడిపించారు. పస్తాపూర్ చుట్టూ ఊళ్ళలో చిరుధాన్యాల విత్తనాలు కాపాడింది కూడా వాళ్ళే. అలాంటి తల్లుల కడుపున పుట్టిన పిల్లలు పరిగెత్తలేరా? పరిగెత్తుతున్నారు. ఉదయం చలిలో మైదానాల్లో ఎర్రమట్టి రేపుకుంటూ పరిగెత్తే పిల్లల్ని నేను చూస్తూనే ఉన్నాను. సింథటిక్ ట్రాక్ రేపే రాకపోవచ్చు. దాని కోసం అడుగుతూనే, ఇవాళ చేతిలో ఉన్నవాటితో కొన్ని పనులు చెయ్యొచ్చు.

పీఈటీ సార్లకు ఒక మనవి. పదేళ్ళ పిల్లను ‘నువ్వు 100 మీటర్ల అమ్మాయివి’ అని ముద్ర వెయ్యకండి. పరిగెత్తనివ్వండి, దూకనివ్వండి, గుండు విసరనివ్వండి, బంతి ఆడనివ్వండి. 15, 16 ఏళ్ళు వచ్చాక ఆ పిల్ల ఒళ్ళే చెబుతుంది ఎటు వెళ్ళాలో. చిన్నప్పుడే ఒకే పనికి కట్టేస్తే ఒకే కీలు మీద భారం పడి గాయాలు ముందొస్తాయి. తర్వాత మారాలన్నా మారడానికి రెండో విద్య ఉండదు.

తల్లులకూ ఒక మాట. పిల్ల మోకాలు వాచిందంటే గుంజి సరిచేస్తామనే వాళ్ళ దగ్గరికి తీసుకుపోకండి. ఆ రోజు చల్లటి గుడ్డ కాపడం, కాలు ఎత్తిపెట్టడం, కదలకుండా ఉంచడం చాలు. కాలు మోపలేకపోయినా, మోకాలు తప్పుకుంటున్నట్టు అనిపించినా ఎముకల డాక్టర్‌కు చూపించండి. నెలసరి ఆగిపోయినా, పిల్ల తరచుగా నీరసపడినా దాచిపెట్టకండి. తిండి చాలక ఆడే పిల్లల ఎముకలు బలహీనపడతాయి, చిన్న దెబ్బకే పగుళ్ళొస్తాయి. జొన్న రొట్టె, పప్పు, గుడ్డు, పాలు మన ఇంట్లో దొరికేవే.

హర్డిల్స్ నేర్పాలనుకునే బడికి అసలు హర్డిల్స్ లేకపోయినా ఫరవాలేదు. రెండు ఇటుకల దొంతరలు పెట్టి, వాటి మీద సన్నటి వెదురు కర్రను ఊరికే ఆనించండి. తాడుతో కట్టొద్దు, కాలు తగిలితే కర్ర పడిపోవాలి. మొదట మోకాలి ఎత్తు కూడా ఎక్కువే, జానెడున్నరతో మొదలుపెట్టండి. దూరాన్ని పిల్లల అడుగుకు తగ్గట్టు జరపండి. మూడడుగుల లయ కుదరడం ముఖ్యం. ఇనుప హర్డిల్స్ ఉన్న బడిలో ఇంకో జాగ్రత్త: వాటి పాదాలు పిల్లలు పరిగెత్తుకొచ్చే వైపు ఉండాలి. అటు నుంచి తగిలితే ముందుకు పడిపోతాయి. పాదాలు అవతలి వైపు ఉంటే హర్డిల్ కదలదు, పిల్ల బోర్లా పడుతుంది. పిల్లలు ఆటలో తిరిగి వెనక్కి పరిగెత్తుతూ వాటిని ఎదురు దిశలో దాటబోతారు. అక్కడే మోచేతులు విరిగేది. సాధన అయ్యేదాకా ఒక పెద్ద మనిషి ఆ చివర నిలబడి, పిల్లలందరూ పక్కనుంచి నడిచి వెనక్కి వచ్చేట్టు చూడండి.